పెన్న నీళ్ళు అసలు ఎక్కడివి? నందికొండ నుంచి ఊటుకూరు దాకా

కోవూరు_అబ్బాయి

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా కోవూరు దగ్గర పల్లె. ఉద్యోగం బెంగళూరులో. పోయిన ఆదివారం తెల్లవారుజామున నందికొండ ఎక్కాను. పైన అంతా పొగమంచు. పక్కన నిలబడ్డ ఒక పెద్దాయన కింద లోయవైపు చెయ్యి చూపించి "ఉత్తర పినాకిని పుట్టేది ఈ కొండల్లోనే" అన్నారు. అంటే మా పెన్నమ్మే! ఒక్క క్షణం ఒళ్ళు జలదరించింది.

వెంటనే మా అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. ఆమె అంతా విని ఒకటే ప్రశ్న వేసింది: "అయితే ఆ కొండ మీద పడ్డ వాననీళ్ళేనా నాయనా మన కాలవలోకి వచ్చేది?"

అవునని చెప్పబోయి ఆగిపోయాను. తిరుగు ప్రయాణంలో కావాలనే గౌరీబిదనూరు మీదుగా వెళ్ళి, పెన్న వంతెన మీద బండి ఆపి చూశాను. చుక్క నీళ్ళు లేవు. ఇసుక కూడా సరిగ్గా కనిపించలేదు. అంతా తుమ్మచెట్లు, వాటి మధ్య మేకలు. అదే రోజు మా ఊళ్ళో కాలవ నిండా నీళ్ళున్నాయి. ఎగువన ఎండిపోయిన నది దిగువన ఎట్లా పారుతోంది? నది వెంట ఉన్నవాళ్ళు మీ మీ ఊరి దగ్గర సంగతి చెబితే అమ్మకు సరైన జవాబు చెబుతాను.

తాడిపత్రి_బండ

తమ్ముడూ, మీ అమ్మగారు అడిగింది చిన్న ప్రశ్న కాదు.

ముందు దారి చెబుతా. పెన్న పొడవు 597 కిలోమీటర్లు. అందులో కర్ణాటకలో 61 కిలోమీటర్లే, మిగతాదంతా మన రాష్ట్రంలోనే. నందికొండల దగ్గర చెన్నకేశవ కొండల్లో పుట్టి ముందు ఉత్తరానికి పోతుంది. సముద్రం తూర్పున ఉంటే ఈమె ఉత్తరానికి ఎందుకు పోతుందని చిన్నప్పుడు మ్యాపు చూసి మా అయ్యవారిని అడిగేవాణ్ణి. హిందూపురం వైపు జయమంగళి వచ్చి కలుస్తుంది. పేరూరు డ్యాం దాటి, ఇంకా పైకి పోయి, ఉరవకొండ దగ్గర పెన్నహోబిలం నరసింహస్వామి పాదాల దగ్గర నుంచి మెల్లగా తూర్పుకు తిరుగుతుంది. అక్కడి నుంచి మిడ్ పెన్నార్ రిజర్వాయరు, ఆ తర్వాత మా తాడిపత్రి.

ఇప్పుడు నీళ్ళ సంగతి. పెన్నహోబిలం దగ్గర పెద్ద రిజర్వాయరు ఉంది. దాన్ని నింపేది పెన్న కాదు, తుంగభద్ర. హోస్పేట దగ్గరి డ్యాం నుంచి హెచ్చెల్సీ అనే ఎగువ కాలువలో వస్తాయి నీళ్ళు. మిడ్ పెన్నార్‌కు కూడా అవే. కాబట్టి మా ఊరి దగ్గర ఏట్లో నీళ్ళు కనిపిస్తే, ఎక్కువసార్లు అవి పడమటి కనుమల్లో పడ్డ వానలే. నందికొండ చుక్క మా దాకా రావడమంటే గొప్ప వానాకాలం వచ్చినట్టే.

మా చిన్నప్పుడు ఏరు పారకపోయినా ఎండేది కాదు. మా అవ్వ సాయంత్రం పూట బిందె తీసుకొని ఏట్లోకి పోయేది. మోకాలి లోతు చెలమ తవ్వి కూర్చునేది. మొదట వచ్చే నీళ్ళు బురదగా ఉంటాయి, వాటిని గిన్నెతో తోడి పారబోసేది. రెండోసారీ అంతే. మూడోసారికి అడుగున ఇసుక రేణువు రేణువు కనిపించేంత తేటగా ఊరేవి. ఆ నీళ్ళతో వండితే పప్పు తొందరగా ఉడుకుతుందని ఆమె నమ్మకం. పొలాలకు కూడా ఇదే పద్ధతిలో ఊట కాలువలు ఉండేవి. ఇసుకలో పొడుగ్గా కాలువ తవ్వి, ఊరిన నీటిని వాలు పట్టుకొని చేలోకి మళ్ళించేవాళ్ళు. మా ఊరి శివుడి పేరే బుగ్గ రామలింగేశ్వరుడు. బుగ్గ అంటే ఊట. గుడి పెన్న ఒడ్డునే ఉంది.

బిదనూరు_తెలుగు

మాది గౌరీబిదనూరు తాలూకా. ఇంట్లో తెలుగు, బయట కన్నడ. మా వైపు నది ఎందుకు ఎండిందో కొంచెం చెప్పాలి. లేకపోతే నీళ్ళన్నీ మేమే ఆపేశామనే మాట వచ్చేస్తుంది.

మా ప్రాంతంలో చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. పైచెరువు నిండితే అలుగు పారి కిందిది నిండాలి, అది నిండితే ఇంకా కిందికి. నదికి నీళ్ళు చేరేది అన్నీ నిండాకే. రాజుల కాలం నుంచి ఉన్న ఏర్పాటు ఇది. ఈ నీళ్ళ గురించి 1892లోనే మద్రాసు ప్రభుత్వానికీ మైసూరు సంస్థానానికీ ఒప్పందం జరిగింది. కింది రాష్ట్రం ఒప్పుకోకుండా పైన కొత్త కట్టలు కట్టకూడదని ఆ ఒప్పందంలోని ముఖ్యమైన మాట. అంటే నూట ముప్పై ఏళ్ళ కిందటే ఇది తగాదా పడేంత విలువైన నీరు.

అసలు మార్పు బోర్లతో వచ్చింది. మా తాత బావిలో ముప్పై అడుగులకు నీళ్ళుండేవి. ఇప్పుడు మా పొలంలో వెయ్యి అడుగులు దాటింది బోరు. నేల అడుగున తడి అంత లోతుకు పోయాక, పైన పడిన వాన నదిదాకా పారే ముందే నేలలోకి ఇంకిపోతుంది. నది పారాలంటే నేల ముందు తన దాహం తీర్చుకోవాలి. ఆ తుమ్మచెట్లను చూస్తే మాకూ కడుపు తరుక్కుపోతుంది.

కొత్త_పాఠకురాలు

అడగవచ్చో లేదో తెలియదు. బెంగళూరు దగ్గర నురగలు కక్కుతూ పారే నది అని టీవీలో చూపించేది ఈ పెన్నేనా?

తాడిపత్రి_బండ

కాదమ్మా, అది దక్షిణ పినాకిని. పేరు ఒకటే కాబట్టి చాలామంది పొరబడతారు. అదీ ఆ కొండల వైపే పుడుతుంది కానీ దక్షిణానికి తిరిగి హోసూరు, కృష్ణగిరి మీదుగా పోయి కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. తమిళులు తెన్‌పెణ్ణై అంటారు. ఒక విచిత్రం చెబుతా. నందికొండ మీద ఒక పక్క పడిన చినుకు పెన్నలో చేరి నెల్లూరుకు పోవాలి. మరో పక్క పడింది కడలూరుకు. ఇంకో పక్క అర్కావతి పుడుతుంది, అది కావేరిలో కలుస్తుంది. మా చిత్రావతి, పాపాఘ్ని కూడా ఆ చుట్టుపక్కల కొండల బిడ్డలే. 1,478 మీటర్ల ఎత్తున్న కొండ ఒక్కటి ఇంతమందిని కన్నది.

ఎర్రమల_రాయి

నేను భూగర్భశాస్త్రం చదువుకున్నాను. గండికోట గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే ఎత్తుతున్నా.

తాడిపత్రి దాటే దాకా పెన్న ఒడ్డుల్లేనట్టు పరుచుకొని పోతుంది. గండికోట దగ్గర ఎర్రమల కొండలు అడ్డం వస్తాయి. నది చుట్టూ తిరిగి పోలేదు, కొండను కోసుకుంటూ పోయింది. ఆ లోయ అంచున నిలబడితే రెండు వైపులా గోడ కట్టినట్టు నిలువుగా రాళ్ళు. ఎందుకంత నిలువుగా ఉంటాయంటే, అది క్వార్ట్‌జైట్ రాయి. ఎప్పుడో సముద్రపు ఇసుక పేరుకొని గట్టిపడి అట్లా మారింది. పొరలు పడకవేసినట్టు సమంగా ఉంటాయి, వాటికి అడ్డంగా నిలువు పగుళ్ళు. కింద నది తొలిచే కొద్దీ పైన రాయి ఏటవాలుగా అరిగిపోదు, పగులు వెంబడి పెచ్చులుగా కిందికి జారిపడుతుంది. అందుకే చదరపు దిమ్మెలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనబడతాయి. శాస్త్రంలో ఆ పొరకు గండికోట క్వార్ట్‌జైట్ అనే పేరు. దాని దగ్గరి మరో పొరకు తాడిపత్రి పేరు. కోట్ల ఏళ్ళ రాళ్ళకు మన ఊళ్ళ పేర్లు ఉండడం నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

గండి అన్న మాట చూడండి. కొండకు పడ్డ సందు. పెమ్మసాని నాయకులు ఏలిన కోటకు ఆ గండే ఒక వైపు అగడ్త. పాపాఘ్ని కూడా ఇంకోచోట పాలకొండలను అట్లాగే కోసుకొని బయటపడుతుంది, ఆ చోటు పేరూ గండే. వీరాంజనేయస్వామి గుడి ఉన్న గండి. నెల్లూరు జిల్లాలో అడుగుపెట్టేటప్పుడు వెలిగొండలను చీల్చుకొని వచ్చే చోట సోమశిల. ఈ నదీ కుటుంబం మొత్తం కొండలను కోసుకుంటూ బతికింది.

చిత్రావతి వచ్చి కలిసేది కూడా ఈ గండికోట దగ్గరే. ఇప్పుడు అక్కడ 26.85 టీఎంసీల (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) రిజర్వాయరు ఉంది. దాని కింద తాళ్ళప్రొద్దుటూరు లాంటి ఊళ్ళు నీళ్ళలో కలిసిపోయాయి. ఫోటోలు తీసుకునేవాళ్ళు ఆ ఊళ్ళనూ ఒకసారి తలుచుకోవాలి.

కమలాపురం_గట్టు

ఇక మా వంతు. మీ అమ్మగారి ప్రశ్నకు సగం జవాబు కమలాపురంలో ఉంది.

గండికోట, మైలవరం డ్యాం, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు దాటి వచ్చేసరికి పెన్న సన్నబడి ఉంటుంది. మా దగ్గర ఎడమవైపు నుంచి కుందూ, కుడివైపు నుంచి పాపాఘ్ని. కుందూ నల్లరేగడి మీద నుంచి, నంద్యాల మీద నుంచి వస్తుంది. దాని నీళ్ళు బూడిద కలిసిన మట్టి రంగు. పాపాఘ్ని ఎర్ర ఇసుక ఏరు. మంచి వానలప్పుడు చూస్తే రెండు రంగులు చాలా దూరం పక్కపక్కనే పారతాయి, కలవడానికి ఇష్టం లేనట్టు. మా నాయన నన్ను సైకిల్ మీద తీసుకుపోయి చూపించేవాడు.

అసలు సంగతి ఏమంటే కుందూలో పారేదీ పూర్తిగా కుందూ నీళ్ళు కావు. శ్రీశైలం నిండితే పోతిరెడ్డిపాడు నుంచి కృష్ణ నీళ్ళు బనకచెర్ల దగ్గరికి వస్తాయి. అక్కడి నుంచి ఒక పాయ నిప్పులవాగు, గాలేరుల గుండా కుందూలో పడుతుంది. సుంకేసుల దగ్గర మొదలయ్యే కేసీ (కర్నూలు-కడప) కాలువ తుంగభద్ర నీళ్ళు తెస్తుంది, వాటి మిగులు కూడా ఇటే. అంటే మహాబలేశ్వరంలో పడ్డ వాన మా కమలాపురంలో పెన్న అవుతుంది!

పినాకిని_పక్షం

అందరూ ఇట్లా మాట్లాడితే పెన్నకు సొంత నీళ్ళే లేవన్నట్టు అయిపోతోంది. ఒప్పుకోను. 55 వేల చదరపు కిలోమీటర్లకు పైగా పరీవాహకం ఉన్న నది ఇది. కాలువలు వచ్చింది మొన్నమొన్న. అంతకుముందు నెల్లూరులో వరి పండలేదా?

కమలాపురం_గట్టు

మీ మాట నిజమే, ఒప్పుకుంటున్నా. పెన్నకు సొంత నీళ్ళున్నాయి, కానీ అవి వచ్చే కాలం వేరు. కృష్ణా గోదావరులకు జులై, ఆగస్టులో వరదొస్తే, పెన్న దిగువ భాగానికి అక్టోబరు, నవంబరు తుపాన్లే ముఖ్యం. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టి నెల్లూరు, కడప వైపు వచ్చిందంటే రెండు రోజుల్లో ఏడాది నీళ్ళు వచ్చేస్తాయి. 2021 నవంబరులో కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెనే కూలిపోయింది. ముందు రోజు దాని మీద నడిచి వెళ్ళినవాణ్ణి.

చెయ్యేటి_బిడ్డ

ఆ నవంబరు మాట వచ్చింది కాబట్టి మా చెయ్యేరు గురించి చెప్పాలి. మాది రాజంపేట వైపు.

చెయ్యేరుకు పురాణంలో బాహుదా అని పేరు. శంఖుడు, లిఖితుడు అని అన్నదమ్ములు. అన్న తోటలో అడగకుండా పండు తిన్నందుకు తమ్ముడు లిఖితుడే రాజు దగ్గరికి పోయి శిక్ష అడిగి చేతులు నరికించుకుంటాడు. ఈ నదిలో మునిగితే చేతులు మళ్ళీ వచ్చాయట. బాహువులు ఇచ్చింది కాబట్టి బాహుదా, చెయ్యి ఇచ్చిన ఏరు కాబట్టి చెయ్యేరు. నందలూరు సౌమ్యనాథుడి గుడి ఈ ఒడ్డునే.

2021 నవంబరు 19 తెల్లవారుజామున ఎగువన పింఛా కట్ట, ఆ వెంటనే అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగిపోయాయి. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట... ఆ ఊళ్ళ పేర్లు రాస్తుంటే చేతులు వణుకుతున్నాయి. ఆ రోజు కార్తీక పౌర్ణమి. గుళ్ళకు పోయినవాళ్ళూ ఉన్నారు కొట్టుకుపోయినవాళ్ళలో. మా పిన్నమ్మ వాళ్ళు మిద్దె మీదికి ఎక్కి బతికారు. నీళ్ళు తీశాక పొలం చూస్తే అరటితోట ఉన్న చోట నడుము లోతు ఇసుక మేట వేసింది. పక్క చేను రాళ్ళు తేలి ఏటి అడుగులా ఉంది. పశువుల కొట్టంలో పలుపుతాళ్ళు మాత్రమే మిగిలాయి.

ఎర్రమల_రాయి గారు గండి అనే మాటకు అర్థం చెప్పారు. మా ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా ఇప్పుడు ఆ మాటకు ఒకటే అర్థం తెలుసు.

ఎర్రమల_రాయి

అమ్మా, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీ పిన్నమ్మగారి వాళ్ళు క్షేమంగా ఉన్నందుకు సంతోషం.

సంగం_ఆయకట్టు

నేను నెల్లూరు జిల్లా రైతుని, వయసు 68. చెయ్యేటి నీళ్ళు అవే సోమశిలకు వచ్చాయి. 5 లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వదలాల్సి వచ్చింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. మాకు అప్పుడే నారుమళ్ళు పోసి ఉన్నాయి. ఒక్క మడి మిగల్లేదు, మళ్ళీ విత్తనాలు తెచ్చుకొని పోశాం.

పినాకిని_పక్షం గారు అడిగినట్టు, బయటి నీళ్ళు తెచ్చే కాలువలు రాకముందు కూడా ఇక్కడ వరి పండింది. 19వ శతాబ్దం మధ్యలో నెల్లూరు దగ్గర, ఆ తర్వాత సంగం దగ్గర ఆనకట్టలు కట్టారు. కనిగిరి రిజర్వాయరు, కనుపూరు కాలువ, సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబ్ కాలువ అన్నీ వాటి మీద బతికినవే. అప్పట్లో ఆనకట్ట అంటే నీళ్ళు మళ్ళించడమే, నిలవ లేదు. నదిలో ఉంటే వచ్చేది, లేకపోతే లేదు. రెండో పంటకు ఆకాశం వైపు చూడడమే. సోమశిల కట్టాక 78 టీఎంసీలు నిలవ చేసుకునే అవకాశం వచ్చింది. రైతుకు టెన్షన్ తగ్గింది అక్కడే. పాత ఆనకట్టలు బాగా దెబ్బతిన్నాక 2022 సెప్టెంబరులో సంగం, నెల్లూరు రెండు చోట్లా కొత్త బ్యారేజీలు మొదలయ్యాయి.

మా మొలగొలుకుల బియ్యం రుచి తెలిసినవాళ్ళు ఇప్పుడు తక్కువ. ఆరు నెలల పంట. గింజ కోతకు వచ్చేసరికి మంచు పడాలి. పెన్న ఒండ్రు మీద పండితే అన్నం ఎసట్లో ఉండగానే వీధి చివరికి వాసన. తిక్కన గారు ఈ నది ఒడ్డునే కూర్చొని భారతం రాశారని మేము చెప్పుకుంటాం. ఆ అన్నం తినే రాసి ఉంటారని మా నాయన అనేవారు.

చెన్నై_కుళాయి

నెల్లూరువాళ్ళకు తెలియకుండా పెన్నకు రుణపడి ఉన్న ఊరు ఇంకోటి ఉంది. నేను చెన్నైలో ఉంటాను. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీల కృష్ణ నీళ్ళు మద్రాసుకు ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. 1983లో తెలుగుగంగ ఒప్పందం. శ్రీశైలం నుంచి వెలుగోడు, బ్రహ్మంసాగర్ మీదుగా సోమశిలకు, అక్కడి నుంచి 68 టీఎంసీల కండలేరుకు, చివరికి మా పూండి జలాశయానికి. 1996లో మొదటిసారి నీళ్ళు వచ్చాయి. మట్టి కాలువలో నీళ్ళు చాలా ఇంకిపోతుంటే సత్యసాయి ట్రస్టు కండలేరు నుంచి కాలువను బాగుచేయించింది. చిత్రావతి ఒడ్డున పుట్టిన పుట్టపర్తి నుంచి ఆ సాయం వచ్చింది, ఆ చిత్రావతి పెన్నకు కూతురే. ఈ ముడి నాకు ఎప్పుడూ ముచ్చటగా అనిపిస్తుంది.

పుష్పగిరి_మెట్లు

ఇసుక గురించి ఒక్క మాట చెప్పి పోతాను. తాడిపత్రి అన్న చెలమ గురించి రాశాడు. మా పుష్పగిరి దగ్గర పంచనదులు కలుస్తాయని మెట్ల మీద స్నానాలు చేస్తారు. సిద్ధవటం కర్బూజాలు ఒకప్పుడు ఎంత పేరుపొందాయో మా పెద్దవాళ్ళు చెబుతారు. అవి పండింది ఏటి ఇసుకలోనే. ఇసుక అంటే నది దాచుకున్న నీళ్ళ కుండ. మా దగ్గర లారీలు పోయిన చోట్ల రాయి తేలింది. రాయిలో చెలమ తవ్వలేం కదా. ఒడ్డున మా బావి రెండేళ్ళలో ఎండిపోయింది. నీళ్ళు పైనుంచి ఎన్ని తెచ్చినా, వాటిని పట్టి ఉంచే ఇసుక లేకపోతే వరద రోజున సముద్రానికి, మర్నాటికి ఎండకు.

బిదనూరు_తెలుగు

మా వైపు కూడా ఇసుక తీసేశాకే తుమ్మ మొలిచింది. నేను నేల దాహం అన్నాను, మీరు దానికి ఇంకో కారణం చెప్పారు.

కోవూరు_అబ్బాయి

అందరికీ చేతులెత్తి నమస్కారం. నిన్న రాత్రి మీరు రాసినవన్నీ అమ్మకు ఫోన్‌లో చదివి వినిపించాను. గంటకు పైగా పట్టింది. చెయ్యేటి_బిడ్డ గారి మాటల దగ్గర ఆమె ఏడ్చింది. 2021లో మా ఇంట్లోకీ నీళ్ళొచ్చాయి, మా వడ్లు తడిసాయి. ఆ నీళ్ళు అంతకుముందు ఎవరి ఇంట్లోంచి వచ్చాయో మాకు అప్పుడు తెలియదు.

అమ్మకు ఇట్లా చెప్పాను: "మామూలు రోజుల్లో మన కాలవలో వచ్చేవాటిలో చాలా భాగం పడమటి కనుమల నీళ్ళు, తుంగభద్రమ్మ, కృష్ణమ్మ పంపినవి. కార్తీకంలో పొంగి వచ్చేవి పాపాఘ్ని, చెయ్యేరు, మన సొంత పెన్న. నందికొండ చుక్క ఏ పదేళ్ళకో ఒకసారి రావచ్చు." ఆమె విని, "అయితే ఇన్నాళ్ళూ దీపం పెట్టింది ఇంతమందికా" అంది. సంక్రాంతికి వచ్చినప్పుడు జొన్నవాడ కామాక్షమ్మ దగ్గరికి, ఊటుకూరు దగ్గర పెన్న సముద్రంలో కలిసే చోటికి తీసుకుపోవాలట.

నాకు మాత్రం అంతకుముందే కమలాపురంలో ఆ రెండు రంగుల నీళ్ళు చూడాలని ఉంది. ఎప్పుడు రావాలి?

కమలాపురం_గట్టు

దీపావళి దాటాక, ఒక గట్టి వాన పడ్డ మూడో రోజు రా. ముందు రోజు వస్తే అంతా ఒకే బురద, వారం ఆగితే పాపాఘ్ని తగ్గిపోతుంది. పొద్దున ఏడు గంటలకల్లా గట్టు మీద ఉండాలి, ఎండ నీళ్ళ మీద అడ్డంగా పడినప్పుడే రంగులు విడిగా తెలుస్తాయి. వచ్చే ముందు ఇక్కడ ఒక మాట రాయి. మా నాయన సైకిల్ ఇంకా ఉంది కానీ ఇద్దరం ఎక్కలేం, బండి తెస్తాను.